గాదెలో గింజ, గింజకో ఊఁ

శ్రోతలకు నమస్కారం.

కథ చెప్పమని ప్రాణం తీసే పిల్లలను నిద్రపుచ్చడానికి మన పెద్దవాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉండేది. అనగనగా ఒక రాజుగారికి ఎన్నటికీ పూర్తికాని కథ వినాలన్న కోరిక పుట్టిందట. ఎందరో పండితులు వచ్చి, ఏదో ఒక రాత్రి కథ అయిపోయి, తలలు వంచుకుని వెళ్లిపోయారు. చివరికి ఒక పల్లెటూరివాడు వచ్చి మొదలుపెట్టాడు. ఒక పెద్ద గాదె నిండా ధాన్యం ఉంది. ఆ గాదెకు ఒక్క పిచ్చుక పట్టేంత కన్నం ఉంది. ఒక పిచ్చుక వచ్చి, ఒక గింజను ముక్కున కరచుకుని తుర్రుమని ఎగిరిపోయింది. "ఊఁ, తరవాత?" అన్నారు రాజుగారు. ఇంకొక పిచ్చుక వచ్చి, ఇంకొక గింజను కరచుకుని తుర్రుమంది. "ఊఁ, తరవాత?" ఇంకొక పిచ్చుక వచ్చింది. ఇలా ఏ పదిహేనో పిచ్చుక దగ్గరో మనం నిద్రపోయేవాళ్లం.

అనంతం గురించి మాట్లాడబోతూ ఈ కథతో ఆరంభించడానికి కారణం ఉంది. మనలో చాలామంది అనంతమంటే చాలా పెద్ద సంఖ్య అనుకుంటారు. కోటికి కోటి, దానికి మరో కోటి, అలా పోతూ ఉంటే ఎక్కడో చివరన అనంతం కూర్చుని ఉంటుందని ఊహిస్తారు. అది సరికాదు. పెద్దదనం వేరు, అనంతం వేరు. పల్లెటూరివాడి గాదె ఎంత పెద్దదైనా ఏదో ఒకనాటికి ఖాళీ అవుతుంది. ఖాళీ కాకముందే రాజుగారు విసిగిపోతారన్నదే అతని ధీమా.

ఈ తేడాను చూపడానికి మన తెలుగులోనే ఒక చక్కని పద్యం ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహమనే లెక్కల గ్రంథాన్ని పావులూరి మల్లన అనే కవి తెనిగించాడు. చదరంగపు పలకలోని మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లలోనూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంతవుతుందో మల్లన పేరిట ప్రసిద్ధమైన ఒక పద్యం చెబుతుంది. "శర శశి షట్క చంద్ర శర సాయక" అని మొదలయ్యే ఆ పద్యంలో అంకె ఒక్కటీ కనబడదు. శరములంటే మన్మథుడి బాణాలు, కాబట్టి ఐదు, శశి ఒకటి, షట్కం ఆరు, మళ్లీ చంద్రుడు, ఒకటి. ఆకాశమంటే సున్నా, వేదాలంటే నాలుగు, కుంజరమంటే దిగ్గజాలను తలచుకుని ఎనిమిది. చివర వచ్చే తుహినాంశుడు కూడా చంద్రుడే కనుక అది ఒకటి. అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయన్న పాత సంప్రదాయాన్ని అనుసరించి పేర్చుకుంటే 18446744073709551615 అనే ఇరవై అంకెల సంఖ్య వస్తుంది. నేనొకసారి కాగితం మీద ఒక్కొక్క పదానికీ ఒక్కొక్క అంకె వేసుకుంటూ పోయి సరిచూశాను; ఒక్క అంకె కూడా తప్పలేదు. ఛందస్సు తప్పకుండా, లెక్క తప్పకుండా ఇరవై అంకెలను పద్యంలో కూర్చడం ఎంతటి పనో అప్పుడు తెలిసింది.

మన గాదెలో ఇన్ని గింజలున్నాయనుకుందాం. సెకనుకొక పిచ్చుక చొప్పున వచ్చినా గాదె ఖాళీ కావడానికి దాదాపు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఈ విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలేనని శాస్త్రజ్ఞుల అంచనా. అయినా ఆ గాదెకు అడుగు ఉంది. అనంతం దృష్టిలో మల్లన చెప్పిన సంఖ్యకూ మూడుకూ భేదం లేదు. జైనులు ఈ విషయాన్ని చాలా ముందుగానే పసిగట్టి, సంఖ్యాతం, అసంఖ్యాతం, అనంతం అని మూడు తరగతులు చేశారు. లెక్కకు అందనిదంతా అనంతం కాదని దాని భావం. మనం మాత్రం నేటికీ ఆకాశం వైపు చూసి "లెక్కలేనన్ని చుక్కలు" అంటాం. నిజానికి మామూలు కంటికి ఒక రాత్రి కనిపించే చుక్కలు కొన్ని వేలకు మించవు. ఓపిక ఉంటే లెక్కపెట్టవచ్చు.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ "తరవాత?" అన్న ప్రశ్నకు ఎప్పుడూ ఒక జవాబు ఉండటం వరకే అనంతాన్ని ఒప్పుకున్నాడు. ఏ సంఖ్య చెప్పినా దానికి ఒకటి కలపవచ్చు, ఏ గీతనైనా మరోసారి ఖండించవచ్చు. కానీ ఆ సంఖ్యలన్నీ ఒక్కసారిగా, ఒక్కచోట, పూర్తిగా ఉన్నాయనడానికి వీల్లేదన్నాడు. రెండువేల ఏళ్లకు పైగా పాశ్చాత్య పండితులలో అధికులు ఈ కట్టుబాటును దాటలేదు.

అయితే ముగియని పని ఒకటి మన చేతిలోనే ముగిసిపోయే సందర్భాలు ఉన్నాయి. కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి, ఆర్యభటీయానికి రాసిన భాష్యంలో నాలుగో వంతు, అందులో నాలుగో వంతు, మళ్లీ అందులో నాలుగో వంతు, ఇలా అంతులేకుండా కూడుతూ పోతే మొత్తం సరిగ్గా మూడో వంతు అవుతుందని నిరూపించాడు. దీనిని నేను నా మాటల్లో, పండుగనాటి బొబ్బట్టుతో చెబుతాను. ఒక్క బొబ్బట్టు ఉంది, ముగ్గురు పిల్లలున్నారు. దానిని నాలుగు సమభాగాలు చేసి ముగ్గురికీ తలా ఒకటి ఇవ్వండి. మిగిలిన ముక్కను మళ్లీ నాలుగు చేసి తలా ఒకటి ఇవ్వండి. మిగిలిన దానిని మళ్లీ నాలుగు చేయండి. పంపకానికి అంతు లేదు, కానీ మిగిలే ముక్క మాత్రం అంతకంతకూ సన్నగిల్లి, మీరు ఎంత చిన్న కొలత చెప్పినా దానికి దిగువకు పోతుంది. ముగ్గురికీ ఎప్పుడూ సమానంగానే అందుతోంది కనుక ఒక్కొక్కరి వాటా మూడో వంతు కాక మరొకటి కావడానికి వీల్లేదు. నీలకంఠుడి కంటే ముందు అదే కేరళలో సంగమగ్రామ మాధవుడు వృత్తపరిధిని ఇటువంటి అంతులేని శ్రేఢితోనే, అంటే వరుసగా కూడుతూ పోయే సంఖ్యలతోనే లెక్కగట్టాడు. అది ఒక ప్రసంగంలో ఇమిడేది కాదు.

బొబ్బట్టు లోపలి తీపికి మనం పూర్ణమని పేరు పెట్టుకున్నాం. ఆ మాట వినగానే నోరూరడం మన తప్పు కాదు గాని, బృహదారణ్యకోపనిషత్తులో, ఈశావాస్యోపనిషత్తు శాంతిపాఠంలో అదే మాట మరో ఎత్తున వినిపిస్తుంది. పూర్ణంనుంచి పూర్ణాన్ని తీసివేస్తే పూర్ణమే మిగులుతుందని ఆ మంత్రం చెబుతుంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో సరిగ్గా ఇటువంటి పోలికనే తెచ్చాడు. సున్నాతో భాగించగా వచ్చే రాశిని ఖహరమన్నాడు. ప్రళయకాలంలో జీవరాశులన్నీ తనలో చేరినా, సృష్టికాలంలో బయటికి వచ్చినా అనంతుడైన అచ్యుతుడిలో మార్పు లేనట్లే, ఎంత కలిపినా ఎంత తీసినా ఆ రాశిలో మార్పు లేదన్నాడు. మల్లనకు మూలమైన మహావీరాచార్యుడు మాత్రం సున్నాతో భాగిస్తే సంఖ్య యథాతథంగా ఉంటుందని రాశాడు. నేటి గణితం ఇద్దరితోనూ ఏకీభవించదు, ఆ భాగహారానికి అర్థమే లేదంటుంది. అయినా అనంతాన్ని పరిమాణంతో కాక ప్రవర్తనతో గుర్తుపట్టడం భాస్కరుడి గొప్పతనమని నా అభిప్రాయం.

మన గాదెను ఇప్పుడు నిజంగానే అంతులేనిదిగా ఊహించుకుని, గింజలకు ఒకటి, రెండు, మూడు అని వరుసగా నంబర్లు వేద్దాం. పిచ్చుకలు సరిసంఖ్య గింజలన్నీ ఎత్తుకుపోయాయి. మిగిలిన బేసి గింజలకు కొత్తగా నంబర్లు వేస్తే, ఒకటి ఒకటిగానే ఉంటుంది, మూడు రెండవుతుంది, ఐదు మూడవుతుంది. పాత నంబర్లలో ఒక్కటి కూడా గింజ లేకుండా మిగలదు. అంతులేనన్ని గింజలు పోయినా గాదె నిండుగానే ఉంది. ఇంతమాత్రాన ఉపనిషత్తు ఋషులకు ఆధునిక గణితం తెలుసని చప్పట్లు కొట్టేవారితో నేను చేరను. వారు చెప్పింది బ్రహ్మపదార్థం గురించి, గింజల గురించి కాదు. పైగా పిచ్చుకలు పదకొండో గింజ మొదలుకొని అన్నీ ఎత్తుకుపోతే మిగిలేది పదే గింజలు. అనంతంనుంచి అనంతాన్ని తీసివేసే పద్ధతిని బట్టి శేషం మారుతుంది.

సాహిత్యానికి వస్తే, అనంతాన్ని వర్ణించడంలో కవులకున్న చిక్కు పెద్దది. విశేషణాలు ఎన్ని గుప్పించినా పాఠకుడికి కనిపించేది ఏమీ ఉండదు. 15వ శతాబ్దంలో పోతన ఈ చిక్కును దాటిన తీరు చూడండి. వామనుడు పెరిగే ఘట్టంలో "ఇంతింతై, వటుడింతయై" అని ఎత్తుకున్నాడు. ఇంత, అంత అనేవి చేయి చూపి చెప్పే మాటలు. రేడియోలో నా చేయి మీకు కనబడదు గాని, పద్యం వింటుంటే చూపు తనంతట తానే పైకి లేస్తుంది. మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు ఒక్కొక్క మెట్టుగా కిందికి పోతూ ఉంటాయి. ఆ వెంటనే వచ్చే పద్యం మరీ సాహసం. అక్కడ కొలబద్ద ఒక్కటే, సూర్యబింబం. అది ముందు వటువుకు గొడుగు. ఆ తరవాత తలమీది రత్నం, చెవికి నగ, మెడలో ఆభరణం, భుజకీర్తి, ముంజేతి కంకణం, మొలలో గంట, కాలి అందె, చివరికి పాదపీఠం. సూర్యుడు కదలలేదు, పెరిగినవాడు ఎంత పెరిగాడో కవి చెప్పనూ లేదు. మనకు తెలిసిన ఒక్క వస్తువును స్థిరంగా నిలిపి, దాని పక్కనుంచి ఒకటి ఆగకుండా దాటిపోతుంటే చూపించాడు. అంతులేనిదానిని చూపడానికి గణితజ్ఞులు ఆశ్రయించిన ఉపాయం కూడా ఇటువంటిదే.

1638లో గెలీలియో ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు వంటి వర్గసంఖ్యలను మామూలు సంఖ్యలతో జంట కలిపి, రెండూ సరిపోవడం చూసి నివ్వెరపోయి, అనంతాల విషయంలో ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలు చెల్లవని ఊరుకున్నాడు. జర్మనీలోని హాలె నగరంలో పనిచేసిన గణితజ్ఞుడు గియోర్గ్ కాంటర్ ఊరుకోలేదు. అనంతాలలోనూ చిన్నవీ పెద్దవీ ఉన్నాయని 1874లో నిరూపించి, 1891లో అందరికీ తేలికగా అర్థమయ్యే మరో నిరూపణ ఇచ్చాడు.

దాన్ని మన కథలోనే చెప్పుకుందాం. పిచ్చుక వచ్చిన ప్రతిసారీ కథ వినే పిల్లవాడు "ఊఁ" అనవచ్చు, "ఊహూఁ" అని తల అడ్డంగా ఆడించవచ్చు. అంతులేని కథకు అంతులేని జవాబుల వరుస ఒకటి ఏర్పడుతుంది. అటువంటి వరుసలన్నింటినీ ఒక్కటీ వదలకుండా నా పుస్తకంలో పుటకొకటి చొప్పున రాసేశానని ఒకరు మీ దగ్గరికి వచ్చారనుకోండి. మీరు కొత్త పిల్లవాడిని కూర్చోబెట్టి ఇలా చెప్పండి: మొదటి పిచ్చుకకు, మొదటి పుటలో ఊఁ అని ఉంటే నువ్వు ఊహూఁ అను, ఊహూఁ ఉంటే ఊఁ అను. రెండో పిచ్చుకకు రెండో పుటలోని రెండో జవాబును తిరగేయి. వెయ్యో పిచ్చుకకు వెయ్యో పుటలోని వెయ్యో జవాబును తిరగేయి. ఈ పిల్లవాడి వరుస మొదటి పుటలో లేదు, ఎందుకంటే మొదటి జవాబే వేరు. వెయ్యో పుటలో లేదు, వెయ్యో జవాబు వేరు. ఏ పుటలోనూ లేదు. అంటే ఆ పుస్తకానికి అంతులేనన్ని పుటలున్నా అవి చాలవు. పిచ్చుకలు ఒక అనంతం. వాటికి చెప్పగల జవాబుల వరుసలు అంతకంటే పెద్ద అనంతం. "లెక్కలేనన్ని" అన్న మన మాట నిక్కంగా అతికేది ఇక్కడే.

ఈ పనికి కాంటర్‌కు మొదట దక్కింది సన్మానం కాదు. బెర్లిన్‌లోని క్రోనెకర్ వంటి పెద్ద గణితజ్ఞులు తీవ్రంగా వ్యతిరేకించారు. మనోవ్యాధితో పలుమార్లు ఆసుపత్రి పాలైన కాంటర్ 1918లో హాలెలోని చికిత్సాలయంలోనే కన్నుమూశాడు. ఆయనను చివరిదాకా వేధించిన ప్రశ్న ఒకటుంది. పిచ్చుకల అనంతానికీ, జవాబుల వరుసల అనంతానికీ మధ్య మరో అనంతం ఉందా? లేదనే ఆయన నమ్మాడు గాని నిరూపించలేకపోయాడు. 1900లో పారిస్ సభలో హిల్బర్ట్ అనే గణితజ్ఞుడు తోటివారి ముందుంచిన సమస్యల జాబితాలో మొదటిది ఇదే. మధ్యలో ఏమీ లేదనుకున్నా గణితం నిరూపణ లేకుండానే ఒప్పుకుని మొదలుపెట్టే ఇప్పటి మూలసూత్రాలతో వైరుధ్యం రాదని గ్యోడెల్ అనే తర్కశాస్త్రవేత్త చూపాడు. ఉందనుకున్నా రాదని 1963లో గణితజ్ఞుడు పాల్ కోహెన్ చూపాడు. రాజుగారు ఆ ఒక్క ప్రశ్న అడిగితే, ఊఁ అనాలో ఊహూఁ అనాలో ఆ సూత్రాలు చెప్పవు.

నమస్కారం.