కనురెప్ప వాలే జబ్బు, తెలుగు బంగారు పాము

నమస్తే అండీ. ముందు ఒక పేరు చెప్తాను: ఆల్ఫా బంగారోటాక్సిన్. నరాలు, కండరాల మీద పరిశోధన చేసేవాళ్లందరికీ తెలిసిన విషం ఇది. ఇందులో ఉన్న బంగారం మన బంగారమే, అచ్చ తెలుగు మాట. అదెలా అక్కడికి చేరిందో చెప్తాను గానీ, ముందు జబ్బు సంగతి చూద్దాం.

జబ్బు పేరు మయస్తీనియా గ్రేవిస్. పొద్దున లేచినప్పుడు మనిషి బాగానే ఉంటాడు. సాయంత్రానికి ఒక కంటి రెప్ప సగం దిగిపోతుంది. ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. అన్నం మొదటి నాలుగు ముద్దలు మామూలుగా నమిలి, పదో ముద్దకి దవడని చేత్తో పట్టుకుంటాడు. ఫోన్‌లో కాసేపు మాట్లాడితే మాట ముక్కుతో వస్తుంది. పడుకుని లేస్తే మళ్లీ మామూలే. ఇంట్లోవాళ్లేమో "నిద్ర చాల్లేదు, టెన్షన్ పెట్టుకున్నావు" అంటారు. డాక్టరు మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెట్టి తీస్తే, వాలిన రెప్ప కాసేపు పైకి లేస్తుంది. చల్లదనానికి ఆ కండరం కాస్త తేరుకుంటుంది. జబ్బుని అనుమానించడానికి ఇప్పటికీ వాడే పరీక్షే ఇది.

లోపల ఏం జరుగుతోంది? మన ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. నరం చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం దిగి, కండరం మీద ఉన్న సీట్లలో కూర్చుంటేనే కండరం కదులుతుంది. ఆ సీట్లనే రిసెప్టర్లు అంటారు. ఈ జబ్బులో రోగాలతో పోరాడాల్సిన మన ఒంట్లోని యాంటీబాడీలే ముందుగా కిటికీలోంచి కర్చీఫ్‌లు వేసి సీట్లు ఆపేస్తాయి. అంతటితో ఊరుకోవు, సీట్లు పీకేస్తాయి కూడా. పైగా బస్సులో ఒక కండక్టరు ఉంటాడు, కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. వచ్చిన అసిటైల్‌కోలిన్‌ని వచ్చినట్టే దింపేస్తూ ఉంటాడు.

1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫీజ్ ఆస్పత్రిలో మేరీ వాకర్ అనే డాక్టరు ఒక సంగతి పట్టుకున్నారు. అది పేదవాళ్లు వచ్చే ఆస్పత్రి, ఆవిడ పేరున్న స్పెషలిస్టు కూడా కాదు. ఈ జబ్బు మనిషి అచ్చం క్యురారే అనే బాణాల విషం ఎక్కినవాడిలా ఉన్నాడు కదా, మరి ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇస్తే? 56 ఏళ్ల ఆవిడకి సూది వేశారు. అరగంటకి ఎడమ రెప్ప లేచింది, మింగడం తేలికైంది. రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ మొదటికొచ్చింది. ఆ మందు చేసిన పని ఒకటే: కండక్టరుని కాసేపు పక్కన కూర్చోబెట్టడం. ఈ రోజు పేషెంట్లు రోజుకి మూడు నాలుగు సార్లు వేసుకునే పిరిడోస్టిగ్మిన్ బిళ్ల కూడా అదే పని చేస్తుంది.

కర్చీఫ్ వేస్తున్నది ఎవరో తేలడానికి 1973 దాకా పట్టింది. కాలిఫోర్నియా సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రమ్ ఇద్దరూ కరెంటు షాక్ కొట్టే ఈల్ చేప నుంచి రిసెప్టర్‌ని తీసి కుందేళ్లకి ఎక్కించారు. వాళ్లకి కావలసింది ఆ రిసెప్టర్ మీద పనిచేసే యాంటీబాడీలు, అంతే. జబ్బు పుట్టించాలని కాదు. చూస్తే కుందేళ్లు నీరసించి చచ్చుబడిపోయాయి. కోలినెస్టరేజ్‌ని ఆపే మందు పడగానే తేరుకున్నాయి. నన్నడిగితే ఈ కథ మొత్తంలో అసలు మలుపు ఇదే, అదీ అనుకోకుండా దొరికింది.

ఇప్పుడు మన పాము దగ్గరికొద్దాం. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉండి పాముల మీద పనిచేశాడు. 1796లో అచ్చయిన తన పుస్తకంలో పసుపు, నలుపు పట్టీల పాముకి ఇక్కడివాళ్లు పిలిచే పేరే రాశాడు, బంగారు పాము అని. 1803లో ఫ్రాన్స్‌లో దాన్నే లాటిన్‌లోకి మార్చి ఆ జాతి మొత్తానికి బంగారస్ అని పేరు పెట్టారు. మన కట్లపాము కూడా ఆ జాతిదే. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అదే జాతికి చెందిన అక్కడి పాము విషం నుంచి ఆల్ఫా బంగారోటాక్సిన్ వేరుచేశారు. అది రిసెప్టర్‌కి అతుక్కుందంటే ఓ పట్టాన వదలదు. దానికి రేడియోధార్మిక గుర్తు తగిలిస్తే కండరం మీద సీట్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టొచ్చు. అలా లెక్కపెట్టి ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి 1973లోనే చెప్పారు: పేషెంట్లలో మిగిలినవి మామూలులో 11 నుంచి 30 శాతమే. మూడో పేరు చూడగానే నాకు మన ఇంటి మనిషి కనిపించినట్టు అనిపించింది. ఈ జబ్బుకి చేసే యాంటీబాడీ రక్త పరీక్షలో కూడా ఈ విషాన్నే వాడుతూ వచ్చారు.

ఇక వైద్యం. రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ లాంటి మందులు పాతవే. రొమ్ము ఎముక వెనక ఉండే, రోగనిరోధక వ్యవస్థలో భాగమైన థైమస్‌ని, అదే బాలగ్రంథిని తీసేసే ఆపరేషన్ ఒకటుంది. థైమస్‌లో గడ్డ ఉన్న అమ్మాయికి 1936లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ఆ ఆపరేషన్ చేశారు. కానీ గడ్డ లేనివాళ్లకి నిజంగా పనిచేస్తుందా అని 126 మందితో పద్ధతిగా చేసిన పరీక్ష ఫలితం వచ్చింది 2016లో. ఎనభై ఏళ్లు! చేయించుకున్నవాళ్లలో నీరసం తగ్గింది, స్టెరాయిడ్ అవసరమూ తగ్గింది.

2017లో అమెరికాలో ఎక్యులిజుమాబ్ అనే మందుని ఒప్పుకున్నారు, యాంటీబాడీల తరఫున సీట్లు పీకే కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రొటీన్ల ముఠాని ఆపడానికి. 2021 డిసెంబరులో ఎఫ్‌గార్టిజిమాడ్ వచ్చింది. దీని తీరు వేరు. యాంటీబాడీల్ని పాడవకుండా కాపాడి మళ్లీ రక్తంలోకి వదిలే డిపో ఒకటి ఒంట్లో ఉంది. ఈ మందు ఆ డిపోకి తాళం వేస్తుంది. తెలివైన ఆలోచనే, ధర మాత్రం మామూలు ఇంటికి అందేది కాదు.

ఒక్క జాగ్రత్త. ఈ జబ్బు ఉన్నవాళ్లు జ్వరానికో దగ్గుకో వెళ్లినా ముందే డాక్టరుకి చెప్పండి. సిప్రోఫ్లోక్సాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయోటిక్స్ దీన్ని ఒక్కసారిగా ముదిరేలా చేయగలవు. ఊపిరి ఆడకపోతే, మింగలేకపోతే పొద్దున్న చూద్దాంలే అనకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఫైసోస్టిగ్మిన్ తర్వాత 1935లో మేరీ వాకర్ వాడి చూపించిన మందు నియోస్టిగ్మిన్. నాగుపాము కరిచి రెప్పలు వాలిపోతున్న మనిషికి ఇప్పుడు మన ఆస్పత్రుల్లో విరుగుడు మందుతో పాటు ఇచ్చే సూది అదే. కట్లపాము కాటుకి మాత్రం అది పెద్దగా పనిచేయదు. నాగుపాము విషం సీట్ల మీదే కూర్చుంటుంది, కట్లపాము విషంలో సీట్లకి అతుక్కునేవి ఉన్నా, అది ముఖ్యంగా అసిటైల్‌కోలిన్ దిగే నరం చివరనే పాడుచేస్తుంది.