97వ బొమ్మ గీసిందెవరు?

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకి, పిల్లలకి నమస్కారం. నా గురించి పొగడ్తలు చాలా అయ్యాయి, భోజనాల వేళా అవుతోంది. నేరుగా చెట్టు దగ్గరికే వెళ్తాను.

ఏటిపాల. వాగుల ఒడ్డున పెరిగే చెట్టు, ఇంగ్లీషులో విల్లో అనే జాతిలో మనది. సాలిక్స్ టెట్రాస్పెర్మా అని దీనికి పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి తోట చూసుకుని, 1793లో కలకత్తా వెళ్లిపోయిన డాక్టరు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన పుస్తకం మొదటి సంపుటంలో, 1798లో, 97వ బొమ్మగా ఇది అచ్చయింది. టెట్రాస్పెర్మా అంటే నాలుగు గింజలది అని; కాయలో నాలుగు గింజలు చూసి ఆ పేరు పెట్టాడు.

విల్లోలతో తంటా ఏమిటంటే, మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగకొమ్మ ఒక్కటే తెస్తే గింజలెక్కడ లెక్కపెడతాం? పైగా జాతికీ జాతికీ సంకరం. మొక్కల వర్గీకరణకి దారి వేసిన లిన్నేయస్ 1753లో విల్లోలన్నిటినీ రెండు కేసరాల గుంపులో వేశాడు, కేసరాలంటే పుప్పొడినిచ్చే భాగాలు. మన ఏటిపాల మగపువ్వు విప్పి చూడండి, ఐదో, ఎనిమిదో, ఇంకా ఎక్కువో ఉంటాయి! ఇప్పుడు డీఎన్ఏ చూసి కానరేగుని కూడా ఇదే కుటుంబంలో కలిపారు. కానరేగు పళ్లు తిన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, అందరూ విల్లో చుట్టాన్ని తిన్నవాళ్లే.

సరే, వర్గీకరణ గురించి ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను కానీ, ఆ కాగితం పక్కన పెడతాను. ఆ 97వ బొమ్మ గీసిందెవరు? రాక్స్‌బర్గ్ కాదు. ఆయన దగ్గర జీతానికి పనిచేసిన మన దేశపు చిత్రకారులు. పుస్తకం మూడు సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. గీసినవాళ్ల పేర్లేవీ? మొక్క పేరు వెనకాల రాక్స్‌బర్గ్ పేరు మాత్రం ఈనాటికీ రాస్తూనే ఉన్నాం.

పాతకాలం సంగతిలే అనకండి. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నడుముదాకా వాగులో దిగి, జలగల చేత కరిపించుకుని, కాయలున్న ఆడకొమ్మ కోసుకొచ్చాను. ఎక్కడికని అడక్కండి, ఓ పెద్ద హెర్బేరియంకి, అదే, ఎండబెట్టిన మొక్కల్ని షీట్ల మీద అంటించి దాచే చోటికి. షీటు మీద సేకరించినవారి పేరు చూస్తే, గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ సారుది! ఇన్నేళ్లయినా మంట తగ్గలేదు, నవ్వకండి.

అమ్మా, వెనక వరసలో సెకండియర్ పిల్లలూ, వచ్చే వారం మీరు ఫీల్డుకి వెళ్తున్నారట. చెట్టు చూపించినవాళ్లు, కొమ్మ కోసినవాళ్లు, బొమ్మ గీసినవాళ్లు, అందరి పేర్లూ లేబుల్ మీద రాయండి. చోటు చాలకపోతే మాస్టారి డిగ్రీలు తీసేయండి.