కబడ్డీకి తెర దొరికింది, ఫుట్‌బాల్‌కు ఎందుకు చేజారింది?

[తెరపై: గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. ఖాళీ కోర్టు చుట్టూ కెమెరాలు అమర్చుతున్న సిబ్బంది]

2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులకు పలికిన ధర 48,390 కోట్ల రూపాయలు. మ్యాచ్‌కు లెక్కగడితే ఇది సుమారు 118 కోట్లు. ప్రొ కబడ్డీ లీగ్ ఐదు సీజన్ల హక్కులు 2021లో 908 కోట్లకు అమ్ముడయ్యాయి. అంటే వందకు పైగా మ్యాచ్‌లుండే కబడ్డీ సీజన్ మొత్తానికి దక్కేది, దాదాపు ఒకటిన్నర ఐపీఎల్ మ్యాచ్‌ల ధర. అయినా క్రికెటేతర లీగుల్లో కబడ్డీయే కలిగిన ఇల్లు. దాని కింద ఉన్న లీగుల్లో చాలావాటికి ధర సంగతి తరవాత, ముందు తెరపై చోటు దొరకాలి.

ఇది అర్థం కావాలంటే ఛానల్ కొనేది ఏమిటో చూడాలి. ఛానల్‌కు ఆటతో పాటు, ఆ ఆట మధ్యలో ప్రకటనలు వేసుకోగల సెకన్లు కావాలి. క్రికెట్‌లో ఓవర్ మారిన ప్రతిసారీ, వికెట్ పడిన ప్రతిసారీ ఆ సెకన్లు వాటంతట అవే పుట్టుకొస్తాయి. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాల పాటు గడియారం ఆగదు కనుక, విరామం వచ్చేదాకా ప్రకటనకు సందు దొరకడం కష్టం. ఆట అందం ఏదైతే ఉందో, వ్యాపారానికి అదే అడ్డంకి.

[తెరపై: ప్రసార వాహనం లోపల వరుసగా తెరలు, కెమెరాల మధ్య మార్పులు చేస్తున్న దర్శకుడు]

రెండో లెక్క ఖర్చుది. కెమెరాలు, ప్రసార వాహనం, రీప్లే యంత్రాలు, గ్రాఫిక్స్, వ్యాఖ్యాతలు, వీరందరి ప్రయాణాలు, బస: చూసేవారు వెయ్యిమందైనా కోటిమందైనా ఈ ఖర్చు పెద్దగా తగ్గదు. వస్తుందనుకున్న ప్రకటనల రాబడి ఈ ఖర్చు కంటే తక్కువైతే, హక్కుల విలువ సున్నాకంటే కిందికి పోతుంది. అప్పుడు లీగే స్వయంగా చిత్రీకరణ భారం మోసి, తయారైన ఫీడ్‌ను ఛానల్‌కు ఉచితంగా ఇచ్చి ప్రకటనల సమయంలో వాటా అడుగుతుంది, లేదా గంటకు ఇంతని చెల్లించి స్లాట్ కొనుక్కుంటుంది. పత్రికా ప్రకటనలో మాత్రం రెండింటికీ ‘ప్రసార భాగస్వామ్యం’ అనే గౌరవప్రదమైన పేరే ఉంటుంది. డబ్బు ఎటునుంచి ఎటు వెళ్లిందో ప్రేక్షకుడికి తెలిసే వీలు లేదు.

ప్రైమ్ వాలీబాల్ లీగ్ రూపకల్పనలో ఈ లెక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. సెట్‌ను 15 పాయింట్లకు కుదించడం వల్ల మ్యాచ్ ఎంతసేపు సాగుతుందో ఛానల్ ముందే అంచనా వేసుకోగలదు. 2022లో మొదటి సీజన్‌ను కోవిడ్ కారణంగా కొచ్చి నుంచి హైదరాబాద్‌కు తరలించి, మ్యాచ్‌లన్నీ గచ్చిబౌలిలోనే ఆడించారు. 2025లో నాలుగో సీజన్‌కూ అదే వేదికను ఎంచుకున్నారు. ఒకే చోట కెమెరాలు బిగిస్తే సీజన్ ముగిసేదాకా కదిలించనక్కరలేదు. దీనివల్ల సొంత ఊళ్లో తమ జట్టును చూసుకునే భాగ్యం మిగతా నగరాల అభిమానులకు లేకుండా పోతుందన్నది వేరే విషయం.

[తెరపై: మట్టి నేలపై చెడుగుడు ఆడుతున్న పిల్లలు; అక్కడి నుంచి దీపాల వెలుగులో మ్యాట్‌పై కూతకు వెళ్తున్న ఆటగాడు]

మరి కబడ్డీ ఎలా నిలబడింది? మన ఊళ్లలో చెడుగుడు తెలియనివారు లేరన్నది సగం జవాబే. పల్లెల్లో వాలీబాల్ కూడా ఆడతారు కదా. 2014 జూలైలో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. మరుసటి ఏడాది, ఆ లీగ్‌ను నడిపే మషాల్ స్పోర్ట్స్ సంస్థలో 74 శాతం వాటాను స్టార్ ఇండియా కొనుగోలు చేసింది. ఆ తరవాత ఆట విలువ పెరిగితే లాభం ప్రధానంగా ఛానల్‌దే కనుక, క్రికెట్ మ్యాచ్‌ల మధ్య కబడ్డీ ప్రచారం వేయడానికీ, సాయంత్రాలు మంచి సమయం కేటాయించడానికీ, తెలుగు టైటాన్స్ ఆటను తెలుగు వ్యాఖ్యానంతో మన ఇళ్లకు తేవడానికీ అది వెనుకాడలేదు. కూతకు 30 సెకన్ల గడువు, వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింట్ తెచ్చి తీరాలన్న నియమం కూడా తెరకు అతికినట్టు సరిపోయాయి.

ఫుట్‌బాల్‌కూ బలమైన అండే ఉండేది. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులన్నీ పదిహేనేళ్ల కాలానికి, 700 కోట్లకు ఐఎంజీ-రిలయన్స్ సంస్థకు అప్పగించింది. ఆ ఒప్పందం కిందే 2014లో ఇండియన్ సూపర్ లీగ్ పుట్టింది. గడువు ముగియవచ్చేసరికి కొత్త నిబంధనలు కుదరక, 2025 జూలైలో నిర్వాహక సంస్థ సీజన్‌ను నిలిపివేసింది. లీగ్ వాణిజ్య హక్కులకు సమాఖ్య టెండర్ పిలిచింది. ఏడాదికి కనీసం 37.5 కోట్లు లేదా రాబడిలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది చెల్లించాలన్నది షరతు. నవంబరు గడువుకు ఒక్క బిడ్ కూడా రాలేదు. ఒక ఐపీఎల్ మ్యాచ్ ధరలో మూడోవంతు కూడా కాని మొత్తానికి, దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌ను తీసుకునేవారు లేకపోయారు! 2022లో ఇదే లీగ్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ అప్పటికే ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకుంది.

ఈ నిరాసక్తతకు ఆట నాణ్యతనొక్కదాన్నే నిందించడం అన్యాయమని నా అభిప్రాయం. 2024 నవంబరులో స్టార్ ఇండియా యజమాని డిస్నీ, రిలయన్స్‌ల మీడియా వ్యాపారాలు విలీనమై జియోస్టార్ ఏర్పడడంతో, ఒకప్పుడు పోటీపడి పాడిన రెండు గొంతులు ఒకటయ్యాయి. వేలంలో ఇద్దరుంటేనే ధర లేస్తుంది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ చట్టం రావడంతో, క్రీడా ప్రసారాలకు ధారాళంగా ఖర్చుచేసిన ఫ్యాంటసీ గేమింగ్ (ఊహా జట్లు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు) సంస్థల ప్రకటనలూ ఆగిపోయాయి. ఈ రెండు దెబ్బలూ క్రికెట్‌కూ తగిలాయి కానీ, దానికి తట్టుకునే ఒళ్లుంది.

[తెరపై: ‘908 కోట్లు’ అన్న అంకె, దాని కింద అమ్మినవారు, కొన్నవారు]

ఇక ఆ 908 కోట్ల దగ్గరికే మళ్లీ వద్దాం. ఆ వేలంలో గెలిచింది స్టార్ ఇండియాయే. అమ్మిన సంస్థలో 74 శాతం వాటా ఉన్నదీ స్టార్ ఇండియాకే. బయటి పోటీ లేని చోట జేబు మారిన డబ్బును మార్కెట్ ధర అనవచ్చునా? ఆ డబ్బులో వాటా ఆశించే జట్ల యజమానులకు ఈ ప్రశ్న ముఖ్యం. 2021లో మొదలైన ఆ ఐదేళ్ల ఒప్పందంలో చివరి సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో తెలుగు టైటాన్స్ మ్యాచ్‌తోనే మొదలైంది.