తిరిగొస్తే తలుపు తీస్తారా

శ్రోతలందరికీ నమస్కారం.

మా చిన్నప్పుడు విశాఖపట్నం గాంధీగ్రాంలో షిప్‌యార్డ్ కాలనీలో ఉండేవాళ్ళం. పక్కింట్లో బెంగాలీలు, ఎదురింట్లో ఒరియా వాళ్ళు, అందరికీ కలిపి హిందీయే భాష. అందుకని బళ్ళో నేర్పకముందే మా పిల్లలకి హిందీ వచ్చేసింది, మా అమ్మలకి మాత్రం రాలేదు. ఎవరింట్లోనైనా వీసీఆర్ అద్దెకి తెస్తే నా పని ఒకటే, ఆడవాళ్ళ మధ్యన కూర్చుని ప్రతి డైలాగూ తెలుగులో చెప్పడం.

అలా ఒక రాత్రి ‘అర్థ్’ చెప్పాను. 1982లో మహేష్ భట్ తీసిన సినిమా. భర్త ఇంకొకావిడ కోసం పెళ్ళాన్ని వదిలేసి వెళ్ళిపోతాడు, చివరికి ఆవిడ కూడా వద్దన్నాక తిరిగొచ్చి క్షమించమంటాడు. అప్పుడు షబానా అజ్మీ ఒక్కటే అడుగుతుంది, నువ్వు చేసిన పనే నేను చేసి ఇలా తిరిగొస్తే నన్ను ఏలుకునేవాడివా అని. మర్నాటి కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న పక్కింటి పిన్ని “ఏటన్నాడే?” అంది. “ఏలుకోనన్నాడు పిన్నీ” అన్నాను. ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు అని మనకో సామెత ఉంది కదా, హిందీ సినిమా చాలాకాలం ఆ సామెత మీదే నడిచింది. 1963లో బి.ఆర్. చోప్రా తీసిన ‘గుమ్రాహ్’ చూడండి. అక్క చనిపోతే ఆ పిల్లల కోసం బావని పెళ్ళి చేసుకున్న అమ్మాయి, పాత ప్రేమికుణ్ణి మర్చిపోలేక మళ్ళీ కలుస్తుంది. సినిమా మొదలవడమే సీతమ్మ లక్ష్మణరేఖ దాటే ఘట్టంతో మొదలవుతుంది, చివరికి ఆమె భర్త దగ్గరే ఉండిపోతుంది. ఆ పెళ్ళికి ముందు ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరైనా సరిగ్గా అడిగారా అని నాకు ఇప్పటికీ బాధే. 1981లో వచ్చిన ‘సిల్సిలా’లో దారి తప్పేది అమితాబ్, రేఖ ఇద్దరూను, కానీ అమితాబ్ ఇంటికి తిరిగొస్తే జయ తలుపు తీస్తుంది, మనం కూడా హమ్మయ్య అనుకుని బయటికొస్తాం. పాటలు ఎంత బాగున్నా సరే, నాకు ఆ హమ్మయ్య దగ్గరే గుచ్చుకుంటుంది.

సినిమాలనే ఎందుకనాలి, మన చట్టం కూడా అలాగే ఉండేది. శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ప్రకారం ఒకరి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ళ దాకా జైలు, కేసు పెట్టే హక్కు ఆమె భర్తది. అతను ఒప్పుకుంటే అసలు నేరమే కాదు! మొగుడు తిరుగుతున్నాడని భార్య ఆ సెక్షన్ కింద కేసు పెట్టడానికే లేదు. అంటే ఆమెని ఒక ఆస్తి కింద లెక్కేశారన్నమాట. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

దానికి చాలా ముందే, 2000లో, మహేష్ మంజ్రేకర్ ‘అస్తిత్వ’ తీశాడు. ఎప్పుడో ఏళ్ళ కిందట సంగీతం నేర్పిన మాస్టారు తన ఆస్తంతా టబు పేరిట రాసి చనిపోతాడు, భర్త పాత డైరీలు తీసి లెక్కలు కడతాడు, కొడుకు తన కొడుకు కాదని తేలుతుంది. అతను మాత్రం టూర్ల పేరుతో బయట తిరిగొచ్చినవాడే. నాకు ఆ సినిమాలో బాగా పట్టుకున్నది వేరే సంగతి, ఆమె అప్పట్లోనే నిజం చెప్పబోతుంది, అతను తండ్రినవుతున్నానన్న సంబరంలో వినిపించుకోడు. నోరు తెరిచిన మనిషి మాట వినకుండా పాతికేళ్ళ తర్వాత దొంగని పట్టినట్టు నిలదీయడం ఏం న్యాయం?

మన తెలుగులో ఇద్దరు పెళ్ళాల కథ అంటే ఎక్కువగా నవ్వులాటే. అటకెక్కి దాక్కునే మొగుడు, తలుపు సందులో చీర కొంగు, అంతే. అందుకే గుల్జార్ ‘ఇజాజత్’ (1987) చూసినప్పుడు నాకు ఊపిరాడలేదు. విడిపోయిన మొగుడూ పెళ్ళాలు ఏళ్ళ తర్వాత ఒక రైల్వే వెయిటింగ్ రూంలో ఎదురవుతారు, బయట వాన. పెళ్ళికి ముందున్న ప్రేమ, పెళ్ళి, రెండూ నిజమే, ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అయినా ముగ్గురూ నలిగిపోతారు. మన వాల్తేరు, అదే విశాఖపట్నం స్టేషన్లో వెయిటింగ్ రూంలో పాత చెక్క కుర్చీల్లో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ రాత్రి రేఖ, నసీరుద్దీన్ షా మాట్లాడుకున్న తీరే గుర్తొస్తుంది, అరుపుల్లేవు, ఇంటి తాళాలు ఎక్కడ పెట్టావు అన్నంత మామూలుగా.

‘అర్థ్’ చూసిన మర్నాడు కుళాయి దగ్గర పిన్ని నన్ను ఆపింది. “ఒలే, ఆ పనిమనిషి కూతుర్ని తనతో పట్టుకెళ్ళిందేటి?” అని అడిగింది. జైలుకెళ్ళిన పనిమనిషి కూతుర్ని షబానా అజ్మీ తన దగ్గరే ఉంచుకుంటుంది కదా, అది సరిగ్గా చూడలేదట, ఆ టైంకి లోపల పాలు దించడానికి వెళ్ళిందట. అవును పిన్నీ, పట్టుకెళ్ళింది అన్నాను. “మొగుణ్ణి రానివ్వలేదు కదూ?” అంది మళ్ళీ. రానివ్వలేదు అన్నాను. బిందె నిండి పొర్లిపోతోంది, ఆవిడ చూసుకోవడం లేదు.