సాయంత్రం ఆరింటి లెక్క

యాంకర్: నమస్కారం. బడి వదిలాక అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్లల్ని ఉంచే ప్లే క్లబ్బుల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. మియాపూర్, కొండాపూర్, మణికొండ, ఏ సందులోకి వెళ్ళినా ఒక బోర్డు కనిపిస్తోంది. స్టూడియోలో పిల్లల మానసిక నిపుణురాలు డాక్టర్ గారు ఉన్నారు. మొదటి కాల్ నిజాంపేట నుంచి. చెప్పండమ్మా.

నిజాంపేట కాలర్: హలో... హలో, నమస్తే అండి.

యాంకర్: టీవీ సౌండ్ కాస్త తగ్గించండమ్మా, మీ మాట మీకే తిరిగి వస్తోంది.

నిజాంపేట కాలర్: ఆ, తగ్గించానండి. మేడమ్, మా బాబుకి ఏడేళ్ళు, రెండో తరగతి. మూడున్నరకి వ్యాన్ నేరుగా క్లబ్బు దగ్గరే దింపుతుంది. నేను మాదాపూర్ నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, వాన పడితే చెప్పలేం. మొదట్లో బాగానే వెళ్ళాడు. ఈమధ్య ఆదివారం సాయంత్రం నుంచే కడుపునొప్పి అంటున్నాడు. క్లబ్బు వాళ్ళేమో ‘చాలా హ్యాపీగా ఉంటాడు, కావాలంటే యాప్‌లో మీరే చూసుకోండి’ అంటారు. నిజమే, కెమెరాలో మామూలుగానే కనిపిస్తాడు.

డాక్టర్: ముందు పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండమ్మా, నొప్పి నిజంగానే ఉండొచ్చు. కెమెరాలో ఏ టైముకి చూస్తారు?

నిజాంపేట కాలర్: నాలుగు, నాలుగున్నరకి. స్నాక్స్ తింటుంటాడు, రంగులు వేస్తుంటాడు. టీచర్ ఉంటారు. తర్వాత నాకు మీటింగులు.

డాక్టర్: ఐదున్నర తర్వాత?

నిజాంపేట కాలర్: అప్పుడు చూడటం కుదరదు మేడమ్.

డాక్టర్: నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి చిక్కు ఆ వేళలోనే ఉంటుంది. ఐదింటికి టీచర్లు వెళ్ళిపోతారు. అన్ని గదుల పిల్లల్నీ ఒక గదిలోకి చేర్చి టీవీ పెట్టేస్తారు. మూడేళ్ళ పాప, పదేళ్ళ అబ్బాయి, అందరూ అక్కడే, ఒక్క ఆయాతో. పెద్దవాడు చిన్నవాణ్ణి గిల్లినా, వెక్కిరించినా ఆమె కంట పడదు. చాలా యాప్‌లలో మాట వినపడదు కూడా. పిల్లాడు కుదురుగా కూర్చున్నాడంటే హాయిగా ఉన్నాడనే కాదు, కదిలితే అరుస్తారని కూడా కావచ్చు.

నిజాంపేట కాలర్: అడిగితే ఏమీ చెప్పడు. ‘ఎలా ఉంది నాన్నా ఈరోజు’ అంటే ‘బాగుంది’ అంటాడు, అంతే.

డాక్టర్: ఆఫీసు ఎలా ఉందని మీ ఆయన అడిగితే మీరూ అదే చెప్తారు కదా. (నవ్వు) ఎవరి పక్కన కూర్చున్నావు, బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఎవర్ని అడుగుతావు, ఈరోజు ఎవరు ఏడ్చారు అని అడగండి. పక్కవాళ్ళ ఏడుపు గురించి పిల్లలు బాగా చెప్తారు, అందులో తమదీ కలిపేస్తారు. ఒకరోజు పర్మిషన్ పెట్టి, ముందు చెప్పకుండా ఆరింటికి వెళ్ళండి. ‘మీరిక్కడే ఉండండి, బాబుని తీసుకొస్తాం’ అంటే, లోపలికి వస్తానని చెప్పండి. తల్లిని గేటు దాటనివ్వని చోటంటే నాకు పడదు.

యాంకర్: ఒకరు ఎంతమందిని చూసుకోవచ్చు డాక్టర్ గారూ? రూలేమైనా ఉందా?

డాక్టర్: మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల ప్రైవేటు ప్లే స్కూళ్ళకి జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలున్నాయి. 20 మందికి ఒక టీచరు, ఒక ఆయా. బడి తర్వాత నడిచే క్లబ్బు వేరే అయినా నేను అదే కొలత పెట్టుకోమంటాను. అడ్మిషన్ రోజు చెప్పే లెక్క కాదు, సాయంత్రం ఆరింటి లెక్క చూడాలి. ఇంకోటి, ఐదేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్లే క్లబ్ అని పేరు పెట్టి సాయంత్రమంతా కుర్చీలో కూర్చోబెడితే అది ట్యూషనే, ఫీజు ఎక్కువ, అంతే. హోంవర్క్ కూడా అక్కడే అయిపోవాలని అడిగేది మనమేలెండి, వాళ్ళని మాత్రమే అనడం ఎందుకు.

యాంకర్: మల్కాజిగిరి నుంచి ఒక పెద్దాయన. నమస్కారం సార్.

మల్కాజిగిరి కాలర్: నమస్కారం బాబూ. నాకు కంప్లైంట్ ఏమీ లేదు, ఒక మంచి మాట చెబుదామని చేశాను. మా మనవరాలు వెళ్ళే చోట చాలా మర్యాదగా ఉంటారు. కోడలికి కుదరనప్పుడు నేనే వెళ్ళి తెస్తాను. ‘పాప తాతయ్యని’ అంటే చాలు, ఇంకో మాట అడక్కుండా చేతికి అప్పజెబుతారు.

డాక్టర్: మొదటిసారి వెళ్ళినప్పుడు కూడా అడగలేదా బాబాయ్ గారూ?

మల్కాజిగిరి కాలర్: లేదమ్మా. పెద్దవాణ్ణి కదా, నమ్మారు.

డాక్టర్: అదే మాట చెప్పి ఇంకో పెద్దాయన వస్తే?

మల్కాజిగిరి కాలర్: ... అవును సుమా. మా పిల్లల్ని సెలవుల్లో పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. అప్పట్లో క్లాసు అయ్యేదాకా నేనక్కడే కూర్చునేవాణ్ణి కాబట్టి ఈ ఆలోచనే రాలేదు.

డాక్టర్: మీరే వెళ్ళి ‘నన్ను ఆపి అడగండి’ అని చెప్పండి. తీసుకెళ్ళేవాళ్ళ పేర్లు, ఫోటోలు వాళ్ళ దగ్గరుండాలి. కొత్త మనిషి వస్తే తల్లికి ఫోన్ చేశాకే పంపాలి. మీరు చెబితే వింటారు.

యాంకర్: నిజంగా పిల్లల్ని కొడుతున్నారని తెలిస్తే?

డాక్టర్: పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్ళు కొట్టినా, కావాలని పట్టించుకోకుండా వదిలేసి బాధపెట్టినా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. సంస్థలో పనిచేసేవాళ్ళయితే ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి ఇంకో కాల్. చెప్పమ్మా.

కూకట్‌పల్లి కాలర్: పేరు చెప్పను సార్. ఇప్పుడు మేడమ్ అన్నారు కదా, ఒక్క ఆయా అని. ఆ ఆయాను నేనే. ఆ జైలు మాకేనా మేడమ్?

డాక్టర్: మీకే కాదమ్మా. సంస్థ నడిపేవాళ్ళకీ అదే శిక్ష. కొట్టకుండా, వదిలేయకుండా చూసుకునే మనిషి భయపడక్కర్లేదు.

కూకట్‌పల్లి కాలర్: నేను చెయ్యి ఎత్తను. కానీ ఒకరిని బాత్రూమ్‌కి తీసుకెళ్తే మిగతావాళ్ళ దగ్గర ఎవరుండాలి? ఆఖరి పిల్ల వెళ్ళేదాకా నేనే. లేటైతే తల్లిదండ్రుల దగ్గర లేటు ఫీజు తీసుకుంటారు, అందులో మాకు పైసా రాదు.

డాక్టర్: ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు?

కూకట్‌పల్లి కాలర్: రెండేళ్ళు దాటింది. టీచర్లు వస్తుంటారు, పోతుంటారు. ఏ పాపకి పల్లీ పడదో, ఎవరు భయపడితే చెవి పట్టుకుంటారో నాకే తెలుసు. ఎక్కడా రాసి లేదు. నేను మానేస్తే ఎవరికీ తెలియదు.

డాక్టర్: పల్లీ సంగతి మాత్రం రేపే రాయించండమ్మా, వంటగది గోడ మీద అంటించండి. అది ప్రాణం మీదికి రావొచ్చు. తల్లిదండ్రులు కూడా ఇది వినాలి. చేర్పించేటప్పుడు ఏసీ ఉందా అని అడుగుతాం గానీ, ఆయా ఎన్నాళ్ళుగా ఉంది, ఆరింటికి రెండో మనిషి ఎవరు అని అడగం.

కూకట్‌పల్లి కాలర్: ఇంకో మనిషిని పెట్టమని అడిగాను మేడమ్. ‘చేతకాకపోతే మానెయ్’ అన్నారు.

డాక్టర్: మీరు ఒక్కరే అడిగితే మిమ్మల్ని మారుస్తారు. పదిమంది తల్లులు అడిగితే మనిషిని పెడతారు.

కూకట్‌పల్లి కాలర్: వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేను లేను కదా.

డాక్టర్: ఒక్క తల్లి నంబరైనా ఉందా మీ దగ్గర?

కూకట్‌పల్లి కాలర్: ఉంది. పల్లీ పడని పాప వాళ్ళమ్మది.

డాక్టర్: ఆమెకి చెప్పండి. ఆ కాగితం గోడకి అంటించే పనితోనే మొదలుపెట్టండి, రెండో మనిషి సంగతి ఆమే గ్రూపులో అడుగుతుంది.