ఇసుక మీద నిలిచిన గుడి: మతాల మధ్య మాట ఎలా పనిచేస్తుంది?

(తెరపై: పాలంపేట రామప్ప గుడి. రంగమండపం నేల దగ్గరగా కనిపిస్తుంది.)

నమస్కారం. రామప్ప గుడిలో అడుగుపెట్టిన ప్రతివారూ ముందుగా తల పైకెత్తి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, చూస్తారు. ఈరోజు మాత్రం మీరు నేల వైపు చూడాలని నా కోరిక. మండపంలోని రాతిపలకలు కొన్నిచోట్ల కుంగి, కొన్నిచోట్ల లేచి, గాలికి కదిలిన చెరువు నీళ్లలా కనిపిస్తాయి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడిని కట్టించినప్పుడు, శిల్పులు ముందు గొయ్యి తవ్వి, దానిని ఇసుకతో నింపి, ఆ ఇసుకను గట్టిగా దట్టించి, దాని మీద ఇంత రాతి బరువును నిలిపారు. భూమి కదిలితే ఆ కుదుపును ముందుగా ఇసుక తనలోకి తీసుకుంటుంది. అందుకే నేల వంగినా గుడి నిలిచింది.

మతాల మధ్య సంభాషణ అంటే ఏమిటో వివరించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అందువల్ల ఈ వీడియోలో మళ్లీ మళ్లీ ఈ ఇసుక దగ్గరికే వస్తాను.

(తెరపై: ఖాళీ సభావేదిక, వరుసగా కుర్చీలు.)

ఎన్నో ఏళ్లుగా నన్ను బాధపెడుతున్న ఒక అపోహ ఉంది. మత సామరస్య సభ అనగానే మనవాళ్లకు ఒక దృశ్యం గుర్తుకు వస్తుంది. వేదిక మీద ఒక పూజారి, ఒక మౌల్వీ, ఒక ఫాదర్ చేతులు కలిపి పైకెత్తుతారు, ఎవరో మైకు అందుకుని "అన్ని మతాలూ ఒక్కటే" అంటారు, శాలువాలు కప్పుతారు, సభ ముగుస్తుంది. ఆ మాట అన్నవారి మంచి మనసును నేను శంకించడం లేదు. అయితే ఆ మాట నిజం కాదు, పైగా అది ఎవరినీ దగ్గర చేయదు. దేవునికి రూపం ఇవ్వరాదన్న విశ్వాసంతో జీవించే ముస్లింకూ, రూపంలోనే దేవుణ్ని చూసి పులకించే భక్తునికీ, సిలువ మీద మరణించిన యేసు తిరిగి లేచాడన్నదే తన ఆశ అని చెప్పే క్రైస్తవునికీ "మీరందరూ చెప్పేది ఒక్కటే" అంటే, ముగ్గురికీ తమ ప్రాణప్రదమైన విషయాన్ని ఎవరో తుడిచివేసినట్టు అనిపిస్తుంది.

దీనికి ఎదురుగా మరో అపోహ ఉంది. సంభాషణ అంటే వాదమనీ, అందులో ఒకరు గెలవాలనీ, ఎదుటివాడు చెప్పేది వింటే మన విశ్వాసం పలుచబడుతుందనీ కొందరు భయపడతారు.

ఇప్పుడు ఇసుకను గుర్తుచేసుకోండి. రామప్ప గుడి కింద ఉన్నది సిమెంటు దిమ్మె కాదు. దిమ్మెలో అన్నీ కలిసి ఒకే ముద్దగా గట్టిపడతాయి, పెద్ద కుదుపు వస్తే ఆ ముద్ద పగులుతుంది. ఇసుకలో ఏ రేణువు ఆ రేణువే. ఒకదానిలో ఒకటి కరగదు, కానీ ఒకదానిని ఒకటి ఒరుసుకుని ఉంటుంది. కుదుపు వచ్చినప్పుడు ఒక్కొక్కటి కొంచెం కొంచెం జరిగి భారాన్ని పంచుకుంటుంది. మంచి సంభాషణలో మనుషులు ఉండవలసిన తీరు ఇదే. తేడా తేడాగానే ఉంటుంది, దగ్గరితనం మాత్రం పెరుగుతుంది.

(తెరపై: పీరీల కొట్టం. ఊదు పొగ. రంగుల దట్టీలు.)

ఈ ఇసుక మన ప్రాంతానికి కొత్తది కాదు. 1991లో వాటికన్ వెలువరించిన ఒక పత్రం మతాంతర సంభాషణను నాలుగు విధాలుగా వివరించింది. ఇరుగుపొరుగుగా కష్టసుఖాలు పంచుకోవడం మొదటిది, మేలైన పని కోసం చేయి కలపడం రెండవది, పండితులు సిద్ధాంతాలను చర్చించుకోవడం మూడవది, ప్రార్థనలోనూ ధ్యానంలోనూ పొందిన అనుభవాన్ని పంచుకోవడం నాలుగవది. సంభాషణ అనగానే మనకు మూడవదే తోస్తుంది. కానీ మన ఊళ్లు మొదటిదాన్ని ఏ పత్రమూ లేకుండానే తరతరాలుగా ఆచరించాయి.

మొహర్రంలో పీరీలు లేచినప్పుడు మన పల్లెలలో వాటిని ఎత్తుకునేవారిలో, దట్టీలు కట్టేవారిలో, గుండం చుట్టూ అలాయి ఆడేవారిలో ముస్లిమేతరులే ఎక్కువగా ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. మా నాయనమ్మ సద్దుల బతుకమ్మకు మలీద చేసేది. సజ్జరొట్టె వేడిగా ఉండగానే తుంచి, బెల్లంతో కలిపి రోట్లో దంచి, చేతికి కొంచెం నెయ్యి రాసుకుని పిడికిలితో నొక్కేది. ఆ ముద్ద మీద ఆమె వేళ్ల గుర్తులు నాలుగు చాళ్లుగా పడి ఉండేవి. పీరీలకు పట్టుకుపోయే మలీద మీదా అవే నాలుగు చాళ్లు ఉండేవి. గౌరమ్మ వేరు, పీరీ వేరు అని ఆమెకు బాగా తెలుసు. రెండింటినీ ఆమె ఎప్పుడూ కలిపి చెప్పలేదు, ఒకదాని కోసం మరొకదాన్ని తక్కువ చేయనూ లేదు.

పర్వతగిరి దగ్గర అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షా వలీ అనే సూఫీ సాధువు దర్గాకు వెళ్లి కందూరు, అంటే మొక్కుబడి విందు, చేసేవారిలో హిందువులు ఎందరో ఉంటారు. మన జిల్లాల్లో యాకయ్య, యాకమ్మ అన్న పేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి మీ బంధువులలోనే లెక్కపెట్టి చూడండి. దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు ఆ వలీ పేరే పెట్టి, దానికి అయ్యనో అమ్మనో చేర్చి పిలుచుకున్నారు. వేములవాడలో రాజన్నకు కోడె మొక్కు తీర్చుకున్నవారు అదే ప్రాంగణంలోని దర్గా దగ్గర కూడా తరతరాలుగా మొక్కుతూ వచ్చారు. కాజీపేటలో అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సుకు వచ్చేవారిని మతం వారీగా విడదీసి చెప్పడం అక్కడి దుకాణదారులకే సాధ్యం కాదు.

ఇది చూసి చాలామంది "ఇక మనకు సంభాషణ ఎందుకు, మనం ఎప్పటినుంచో కలిసే ఉన్నాం కదా" అని అడుగుతారు. ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తాను. కలిసి ఉండటం ఇసుక. ఆ ఇసుకను పట్టి ఉంచే గొయ్యి వేరు. ఇసుక మీద ఇల్లు కట్టినవాడు బుద్ధిహీనుడని బైబిలులో ఉన్నది విడి ఇసుక గురించి. వరద వస్తే అది కొట్టుకుపోతుంది. కాకతీయుల శిల్పులు అదే ఇసుకను నాలుగు వైపులా కట్టడి చేశారు. తన పేరు ఏ వలీ నుంచి వచ్చిందో తెలియని యాకయ్య మనవడు, ఎక్కడో జరిగిన గొడవను మన ఊరిదిగా చూపించే వీడియోను అర్ధరాత్రి ఫోనులో చూస్తే, నాయనమ్మ చేసిన మలీద అతణ్ని ఆపలేదు. తెలిసి మాట్లాడుకున్న అనుబంధం వేరు, అలవాటుగా సాగిన అనుబంధం వేరు.

(తెరపై: అశోకుని శిలా శాసనం, బ్రాహ్మీ లిపి.)

ఆ కట్టడి ఏమిటో క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే అశోకుడు రాయి మీద చెక్కించాడు. తెలుగు నేల మీద ఎర్రగుడిలోనూ ఆయన శిలా శాసనాలు ఉన్నాయి. ఆయన 12వ శిలా శాసనం అంతా ఈ ఒక్క విషయం గురించే. దానాలకన్నా, సన్మానాలకన్నా అన్ని మతవర్గాలలోనూ సారం పెరగడమే తనకు ముఖ్యమని చెప్పి, దానికి మూలం ఏమిటో ఒకే మాటలో చెబుతాడు: వచోగుప్తి. అంటే నోటికి కట్టడి. సందర్భం లేకుండా తన మతాన్ని పొగడరాదు, పరమతాన్ని నిందించరాదు. తన మతం మీది భక్తితో ఇతర మతాన్ని నిందించేవాడు నిజానికి తన మతానికే ఎక్కువ హాని చేస్తున్నాడు. ఆ తరువాత మరో మాట వస్తుంది: సమవాయమే మంచిది. సమవాయం అంటే కలిసి కూర్చోవడం, ఒకరి ధర్మాన్ని ఒకరు వినడం. ఈ శాసనంలో "అన్నీ ఒక్కటే" అన్న మాట లేకపోవడాన్ని గమనించండి. వినండి అని మాత్రమే ఉంది. నాకు ఇది ఎంతో గొప్పగా తోస్తుంది.

(తెరపై: సమావేశ గది. ప్లాస్టిక్ కుర్చీలు, చాయ్ గ్లాసులు.)

ఇప్పుడు దౌత్యం సంగతికి వద్దాం. దౌత్యం అనగానే రాయబారులు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. నేను మొదటిసారి దౌత్యాన్ని దగ్గరగా చూసింది గణేశ్ నిమజ్జనానికి ముందు ఒక పోలీసు ఠాణాలో జరిగిన శాంతి కమిటీ సమావేశంలో. అరగంట పాటు ఉపన్యాసాలు సాగిన తరువాత, చాయ్ వచ్చినప్పుడు, మండపం పెద్దమనిషి పక్క కుర్చీలోకి జరిగి మెల్లగా అడిగాడు: "సదర్ సాబ్, మీ నమాజు ఎన్ని గంటలకు అయితది?" మజీదు కమిటీ సదర్, అంటే అధ్యక్షుడు, చెప్పాడు: "ఎనిమిదిన్నరకు అయితదన్నా. అప్పటిదాక పోరగాళ్లను చౌరస్త కాడనే ఆపుండ్రి." పెద్దమనిషి జేబులోంచి చిన్న డైరీ తీసి ఆ సమయం రాసుకున్నాడు. పని అయిపోయింది. ఆ రెండు మాటలలో దేవుని ప్రస్తావన లేదు, సిద్ధాంతం లేదు. ఒక గడియారం, ఒక చౌరస్తా మాత్రమే ఉన్నాయి. ఎదుటివానికి ఏది ముఖ్యమో కనుక్కుని, తనకు ముఖ్యమైనదాన్ని వదులుకోకుండా దానికి చోటు ఇవ్వడమే దౌత్యం.

దీని పెద్ద రూపాన్ని మనం 2023లో హైదరాబాదులో చూశాం. ఆ ఏడాది సెప్టెంబరు 28నే గణేశ్ నిమజ్జనమూ, మిలాద్ ఉన్ నబీ కూడా వచ్చాయి. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియక కొందరు దీన్ని పోటీగా భావిస్తారు. హిజ్రీ సంవత్సరం పూర్తిగా చంద్రుని లెక్క కాబట్టి సుమారు 354 రోజులకే ముగుస్తుంది. మన పంచాంగం కూడా చంద్రునిదే అయినా, అధిక మాసం చేర్చి రుతువులతో సరిచేసుకుంటుంది. అందువల్ల వినాయక చవితి వానాకాలం చివరనే ఉంటుంది, మిలాద్ మాత్రం ఇంగ్లీషు క్యాలెండరులో ఏటా 10, 11 రోజులు వెనక్కి జరుగుతూ సుమారు 33 ఏళ్లకు చుట్టు తిరిగి వస్తుంది. ఆ దారిలో రెండూ ఎదురుపడటం లెక్క ప్రకారమే జరుగుతుంది. ఆ ఏడాది ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. పండుగ మారలేదు, ప్రార్థన మారలేదు, ఊరేగింపు తేదీ మాత్రమే మారింది. ఎవరి విశ్వాసానికీ ఏ లోటూ రాలేదు. నా దృష్టిలో ఇది గొప్ప దౌత్యం, దీనికి తగినంత గుర్తింపు రాలేదన్నది నా బాధ.

అయితే మన శాంతి కమిటీలలో ఒక లోపం ఉంది. అవి పండుగకు వారం ముందు కూర్చుంటాయి, పండుగ మరునాడు చెదిరిపోతాయి. గుడి కట్టడం పూర్తయ్యాక, భూమి కదులుతున్నప్పుడు కింద ఇసుక పోయడం ఎవరికీ సాధ్యం కాదు.

(తెరపై: ఆఫ్రికా పటం, నైజీరియాలోని కదునా.)

సమయం దగ్గరపడుతోంది కాబట్టి మిగిలిన రెండు ఉదాహరణలు త్వరగా చెబుతాను. నైజీరియాలోని కదునా ప్రాంతంలో 1992లో జరిగిన మత ఘర్షణలలో ఇమాం ముహమ్మద్ అషాఫా, పాస్టర్ జేమ్స్ వుయే ఎదురెదురు పక్షాల యువకులను నడిపారు. వుయే కుడి చేతిని కోల్పోయాడు. అషాఫా తన గురువునూ, దగ్గరి బంధువులనూ కోల్పోయాడు. ఆ ఇద్దరూ 1995లో కలిసి ఒక శాంతి సంస్థను ప్రారంభించారు. ఆ తరువాత కూడా ఇద్దరూ తమ తమ మతాలను బోధిస్తూనే వచ్చారు. కుదుపు ఆగాక మళ్లీ ఇసుక పోయవచ్చు, కానీ అప్పటికి ఎన్ని చేతులు పోయి ఉంటాయో వారి కథ చెబుతుంది.

రెండవది, 1219లో క్రైస్తవ సేనలకూ ముస్లిం సేనలకూ మధ్య క్రూసేడు యుద్ధం నడుస్తుండగా క్రైస్తవ సన్యాసి అసీసీ ఫ్రాన్సిస్ ఈజిప్టులో దమియెట్టా దగ్గర సుల్తాన్ అల్ కామిల్‌ను కలిశాడు. ఇద్దరిలో ఎవరూ మతం మారలేదు, ఫ్రాన్సిస్ క్షేమంగా తిరిగి వచ్చాడు. సరిగ్గా 800 ఏళ్ల తరువాత, 2019 ఫిబ్రవరి 4న అబుదాబిలో పోప్ ఫ్రాన్సిస్, ఈజిప్టులోని ఇస్లాం విద్యాపీఠం అల్ అజ్హర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యిబ్ మానవ సోదరభావం మీద ఒక పత్రంపై సంతకం చేశారు. ఆ తేదీనే ఐక్యరాజ్యసమితి మానవ సోదరభావ దినంగా ప్రకటించింది.

ఇక మనం చేయవలసినవి. పండుగలు లేని నెలలో కూర్చోవాలి. డీజే బండి వెంట నడిచే కుర్రాళ్లనూ, ఊరేగింపులో జెండా పట్టే కుర్రాళ్లనూ పిలవాలి, ఎందుకంటే ఫోను ఉండేది వారి చేతుల్లో, పెద్దల చేతుల్లో కాదు. ఆడవాళ్లను తప్పకుండా పిలవాలి. నేను చూసిన ఏ శాంతి కమిటీలోనూ ఒక్క స్త్రీ కూడా లేదు, మలీద చేసింది మాత్రం వారే. మొదటి రోజు సిద్ధాంతాలు వద్దు. "ఈ పండుగలో మీకు అన్నింటికన్నా ఇష్టమైనది ఏది?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేవరకు మధ్యలో మాట్లాడకుండా వినాలి.

మా వాడలో అలాంటి మొదటి సమావేశం సంక్రాంతి తరువాతి ఆదివారం సాయంత్రం మా ఇంటి అరుగు మీద జరుగుతుంది. సదర్ సాబ్ వస్తానన్నారు, మండపం కుర్రాళ్లు ఇద్దరు ఒప్పుకున్నారు. చర్చి పెద్దను పిలవడానికి రేపు వెళ్తున్నాను.