20 మిల్లీసెకన్లు అడిగితే ఏమైంది

అందరికీ నమస్కారం. ఇక్కడ జావా రాసేవాళ్లే ఎక్కువ కనబడుతున్నారు, అందుకని జావాలో వాడకం అయిపోయిన ఆబ్జెక్టుల మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ (జీసీ) సంగతే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మా అప్లికేషన్ రోజూ సాయంత్రం కాసేపు బిగుసుకుపోయేది. కస్టమర్ల నుంచి ఫోన్లు, మాకు టెన్షన్. మేము వాడే కలెక్టర్ పేరు జీ1. అది పనిచేసేటప్పుడు అప్లికేషన్ కాసేపు ఆగుతుంది, దాన్నే పాజ్ అంటారు. ఆ పాజ్ ఎంతలో ముగియాలనే లక్ష్యం మామూలుగా 200 మిల్లీసెకన్లు ఉంటుంది. నేను దాన్ని 20 చేశాను. మధ్యాహ్నం దాకా గ్రాఫ్ చక్కగా ఉంది. సాయంత్రం మాత్రం అంతకుముందుకన్నా ఎక్కువసేపు ఆగిపోయింది.

ఎందుకలా? జీ1 హీప్‌ను, అంటే ఆబ్జెక్టులు ఉండే మెమరీని, చిన్న చిన్న రీజియన్లుగా పంచుకుంటుంది. కొత్త ఆబ్జెక్టులు యంగ్ రీజియన్లలో పుడతాయి, ఎక్కువకాలం బతికినవి ఓల్డ్ రీజియన్లలోకి చేరతాయి. పాజ్‌లో అది చేసే పని చెత్త ఏరడం కాదు, బతికున్నవాటిని వేరే చోటికి కాపీ చేయడం. కాబట్టి చెత్త ఎంతున్నా పెద్ద బాధ లేదు, బతికున్నవి ఎన్ని అన్నదే లెక్క. ఈ ఒక్క విషయం అర్థమయ్యాకే నాకు మిగతాదంతా తెలిసొచ్చింది.

20లో ముగించమంటే జీ1 చేయగలిగేది ప్రధానంగా ఒకటే: యంగ్ భాగాన్ని కుదించడం. అది చిన్నదైతే త్వరగా నిండుతుంది, కలెక్షన్ మాటిమాటికీ వస్తుంది. ఇంకాసేపు ఆగితే రిక్వెస్టుతో పాటే పోయే ఆబ్జెక్టులు ఇంకా బతికే ఉండగా దొరికిపోయి, ఓల్డ్‌లోకి చేరతాయి. ఓల్డ్ నిండి, కాపీకి చోటు లేకపోతే ఫుల్ జీసీ, అంటే హీప్ మొత్తాన్నీ ఒకేసారి శుభ్రం చేయడం. అప్పుడు అన్ని థ్రెడ్లూ ఆగాల్సిందే. ఆ 200 హామీ కాదు, మనం చేసే విన్నపం. పాత సెట్టింగ్ ఫైళ్ల నుంచి ఎక్స్ఎంఎన్ (యంగ్ సైజు ఇంత అని చెప్పే -Xmn ఆప్షన్) కాపీ చేసుకున్నవాళ్లకు ఆ విన్నపం కూడా పనిచేయదు, ఎందుకంటే యంగ్ సైజు కదలకుండా కట్టేసినట్టే. దయచేసి దాన్ని తీసేయండి.

మా అసలు జబ్బు లాగ్‌లో దొరికింది. ఎక్స్‌లాగ్ (-Xlog) ఆప్షన్‌తో జీసీ వివరాలు ఆన్ చేస్తే, 'హ్యూమంగస్' అన్న మాట సాయంత్రాలే వరసగా కనబడింది. మా హీప్ 8 జీబీ, అంటే రీజియన్ 4 ఎంబీ. అందులో సగం దాటిన ఆబ్జెక్టునే హ్యూమంగస్ అంటారు. అది నేరుగా ఓల్డ్‌లోకే వెళ్తుంది, పక్కపక్కనే ఖాళీ రీజియన్లు కూడా కావాలి. సాయంత్రం రిపోర్టును మేము మొత్తంగా ఒకే బైట్ యారేలో కట్టేవాళ్లం. ముక్కలుగా పంపేలా మార్చి, లక్ష్యాన్ని మళ్లీ 200కి తెచ్చాం. బిగుసుకుపోవడం ఆగిపోయింది. ఆ పని ముందే చేయకుండా నెంబర్లు మార్చుకుంటూ కూర్చున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జావాలోనే ఉన్న మరో కలెక్టర్ జెడ్‌జీసీ వాడొచ్చా అంటే, తప్పకుండా చూడండి. 2020లో జావా వెర్షన్ జేడీకే 15తో ప్రొడక్షన్‌కు సిద్ధమైంది, 2023లో జేడీకే 21తో జనరేషనల్ అయింది, అంటే యంగ్, ఓల్డ్ అని విడదీసి చూడటం నేర్చుకుంది. కాపీ పని అప్లికేషన్ నడుస్తుండగానే చేస్తుంది కాబట్టి పాజ్ మిల్లీసెకన్‌లోపే. కానీ దానికి సీపీయూ కావాలి, హీప్‌లో ఖాళీ కావాలి. ఖాళీ చాలకపోతే కొత్త ఆబ్జెక్టు అడిగిన థ్రెడ్డే ఆగి ఎదురుచూస్తుంది. అది పాజ్ లెక్కలోకి రాదు, కస్టమర్‌కు మాత్రం తెలుస్తుంది. లాగ్‌లో 'అలొకేషన్ స్టాల్' కోసం వెతకండి.

మీలో ఎవరైనా జీసీ లాగ్ తెచ్చుకుంటే ఇవ్వండి, తెరమీద వేసి కలిసి చదువుదాం.